జాగ్రత్త: పిడుదు కుట్టిన దద్దుకి మెడికల్ షాపులో చేతికిచ్చే ట్యూబు కొనకండి

పలాస, మందస, సోంపేట వైపు జీడితోటలున్నవాళ్లు, ఇంట్లో పశువులున్నవాళ్లు ముఖ్యంగా చదవండి. షాపు పేరు రాయట్లేదు. ఈ పని చేసేది అదొక్కటే అయితే రాసేవాణ్ణేమో.

తోటలో తుప్పలు కొట్టిస్తుంటే మా అమ్మకి నడుం దగ్గర పిడుదు పట్టింది. లాగి పారేసింది. అక్కడ ఎర్రగా దద్దు లేచి ఒకటే దురద. తమ్ముడు ఫోన్లో ఫొటో తీసుకుని మెడికల్ షాపుకెళ్లాడు. కౌంటర్లో ఉన్నాయన జ్వరం ఉందా, షుగరుందా అని కూడా అడగలేదట. "ఏటీ కాదు బాబూ, ఇది రాసీమను, రెండ్రోజుల్లో ఎలిపోద్ది" అని అట్టపెట్టె లేని ట్యూబు ఒకటి, స్ట్రిప్పులోంచి కత్తిరించిన నాలుగు మాత్రలు కాగితంలో చుట్టి ఇచ్చాడు. బిల్లు లేదు.

దురద వెంటనే ఆగింది. తిరకాసంతా అక్కడే. రాయడం మానగానే దద్దు మళ్లీ లేచింది. ఈసారి అంచులు ఎర్రగా, మధ్యలో మామూలుగా, చుట్లు చుట్లుగా వీపు మీదికి పాకింది. రాస్తే తగ్గడం, ఆపితే ఇంకాస్త పెరగడం. షాపులో అడిగితే ఇంకో ట్యూబు పట్టుకెళ్లమన్నారు!

ట్యూబు మీది చీమతలకాయ అక్షరాల్ని ఫోన్ కెమెరాలో పెద్దవి చేసి చదివాను: క్లోబెటసాల్, నియోమైసిన్, మైకోనజోల్. మొదటిది స్టెరాయిడ్, అందులోనూ బాగా ఘాటైన రకం. రెండోది యాంటీబయాటిక్, మూడోది ఫంగస్ మందు. రోగమేదైతే మనకేం, మూడింట్లో ఒకటి తగలకపోదా అన్న లెక్క. క్లోబెటసాల్ లాంటి స్టెరాయిడ్ క్రీములు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. 2018లో కేంద్రం ఈ రూలు గట్టిచేసింది కూడా. డబ్బా మీద ఎర్రగీత, హెచ్చరిక ఉండేది అందుకే. మరి ఆ డబ్బా ముందే తీసేసి ఇస్తే?

శ్రీకాకుళంలో స్కిన్ డాక్టరమ్మ దద్దు అంచున బ్లేడుతో పొట్టు గీకి, గాజుపలక మీద చుక్క మందేసి మైక్రోస్కోపులో చూశారు. తామర. పిడుదు కుట్టిన దద్దు దానంతటదే పోయేదేనట. చెమటకి పట్టిన తామర ఎరుపునీ దురదనీ స్టెరాయిడ్ అణిచేసింది, ఫంగస్ మాత్రం హాయిగా పెరిగింది. ఇప్పుడు వారాల తరబడి మందు వాడాలి. ఏం మాత్రలు మింగారని ఆవిడ అడిగితే మా దగ్గర జవాబు లేదు. కత్తిరించిన ముక్క మీద పేరు లేదు, ఎక్స్‌పైరీ లేదు.

ఆవిడ చంకలు, గజ్జలు కూడా వెతికించారు, నల్ల చెక్కు ఏమైనా ఉందేమోనని. స్క్రబ్ టైఫస్ అనుమానం. 2025 చివర్లో మన విజయనగరం జిల్లాతో సహా పేపర్లనిండా ఆ పేరే కదా. అది పిడుదు వల్ల రాదు, తుప్పల్లో గడ్డిలో ఉండే, కంటికి సరిగా ఆనని నల్లిజాతి (మంచంలో నల్లి కాదు, మైట్ అంటారే అది) పిల్లపురుగు కుడితే వస్తుంది. కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లగా చెక్కు కడుతుంది, చాలామందికి నొప్పి కూడా ఉండదు. జ్వరం ఆరు రోజుల నుంచి మూడు వారాల లోపు ఎప్పుడైనా రావచ్చు. డాక్సీసైక్లిన్‌తో లొంగే జబ్బే, ఆలస్యమైతే మాత్రం ఊపిరితిత్తులు, కిడ్నీల దాకా పోతుంది. పిడుదు వల్ల వచ్చే టైఫస్ జ్వరం వేరే ఉంది, అందులో దద్దు అరచేతుల్లో అరికాళ్లలో కూడా లేస్తుంది. అమ్మకి ఈ రెండూ లేవు, అదృష్టం. పురుగు కుట్టాక జ్వరం, తలనొప్పి వస్తే క్రీములతో కాలక్షేపం చెయ్యకుండా నేరుగా ఆసుపత్రికెళ్లి తోటకెళ్లిన సంగతి చెప్పండి. మనం చెప్పకపోతే వాళ్లకి తట్టదు.

పిడుదు పడితే కిరసనాయిలు పొయ్యడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. చిన్న పట్కారుతో చర్మానికి ఆనించి పట్టి, మెలి తిప్పకుండా నిదానంగా పైకి లాగి, సబ్బుతో కడగండి.

మందు కొంటే పెట్టెతో, బిల్లుతో కొనండి. మాత్రలు కత్తిరించి ఇస్తుంటే పేరున్న వైపు ఇమ్మనండి, లేదా స్ట్రిప్పు ఫొటో తీసుకోండి. మందు వికటిస్తే చెప్పడానికి 1800-180-3024, కొనుగోలు ఫిర్యాదులకి 1915 ఉన్నాయి. చీటీ లేకుండా అమ్మడం మీద జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టరుకి రాయొచ్చు. మేం రాశాం. బిల్లు లేదు కాబట్టి ట్యూబు మడత మీదున్న బ్యాచ్ నంబరు ఫొటో జతచేశాం.