పెద్ద ట్యాబ్‌లో కామిక్స్: వాదనలకు భేష్, భయపడాలంటే మాత్రం పుస్తకమే

కామిక్స్ చదవడానికి ప్రత్యేకంగా పెద్ద ట్యాబ్ కొనాలా అని అడిగినవాళ్ళందరికీ ఇన్నాళ్ళూ ఒక్క ముక్కలో జవాబు చెప్పేవాణ్ణి: కొనొచ్చు, కానీ హారర్ కోసమైతే వద్దు. ఆ ఒక్క ముక్కతో ఎవరూ ఊరుకోవడం లేదు, "అదేంట్రా, చీకట్లో వెలిగే స్క్రీన్ కంటే దెయ్యాల కథకి ఇంకేం కావాలి" అని మళ్ళీ మొదలుపెడుతున్నారు, అందుకని ఈసారి పూర్తిగా రాసేస్తున్నా. బ్రాండ్ పేరు చెప్పను, చెప్తే మాట దాని మీదికే పోతుంది. కొన్నేళ్ళుగా దాదాపు రోజూ రాత్రి వాడుతున్నాను, బ్యాటరీ ఇప్పుడు మొదట్లో ఇచ్చినంత సేపు ఇవ్వడం లేదు, అంతే తప్ప మనిషి బాగానే ఉన్నాడు.

ముందు సైజు సంగతి, ఎందుకంటే షాపులో ప్రాసెసర్ గురించి అరగంట చెప్తారు గానీ దీని గురించి నోరెత్తరు. అమెరికన్ కామిక్ పేజీ సుమారు 17 సెంటీమీటర్ల వెడల్పు, 26 సెంటీమీటర్ల ఎత్తు. నా దగ్గర అంతకుముందు ఉన్నది 10 అంగుళాల ట్యాబ్, సినిమాలు చూడటానికి బాగుండే పొడుగాటి రకం. అందులో పేజీ అసలు సైజులో 80 శాతమే వస్తుంది. వినడానికి పర్లేదనిపిస్తుంది, కానీ డైలాగుల బుడగల్లో అక్షరాలు కూడా అంతే తగ్గిపోతాయి కదా, పాత మార్వెల్ కామిక్స్‌లో రచయితలు బుడగ నిండా వ్యాసాలు రాసేవాళ్ళు, అవి చదివేసరికి కళ్ళు లాగేసేవి. ఇప్పుడున్నది 13 అంగుళాలకి ఒక పిసరు తక్కువ, స్క్రీన్ పొడవు, వెడల్పుల నిష్పత్తి 4:3. నిలువుగా పట్టుకుంటే పేజీ సరిగ్గా అచ్చు పుస్తకమంత. అడ్డంగా తిప్పితే రెండు పేజీలూ కలిసి స్క్రీన్ అంచుల దాకా నిండుతాయి, ఎందుకంటే తెరిచి పెట్టిన కామిక్ కొలత కూడా ఇంచుమించు 4:3 లోనే ఉంటుంది. పేజీలు ఇక్కడ కాస్త చిన్నవవుతాయి, నిజమే, కానీ బొమ్మ మొత్తం ఒక్క చూపులో పడుతుంది. బరువు మాత్రం తక్కువేం కాదు. కవర్‌తో కలిపి ఒంటి చేత్తో పట్టుకుని వెల్లకిలా పడుకుని చదివితే ఏదో ఒక రాత్రి ముక్కు మీద పడుతుంది, నాకు పడింది.

నేను పెట్టిన డబ్బు వసూలైంది మాత్రం వాదనల్లో. మాది వైజాగ్, ఏ సూపర్‌హీరో సినిమా వచ్చినా కలిసి వెళ్ళి, బయటికొచ్చాక టీ కొట్టు దగ్గర కొట్టుకునే బ్యాచ్. ఒకప్పుడు "కామిక్‌లో అలా లేదు" అన్నవాడి మాటే చెల్లేది, ఎందుకంటే మిగతావాళ్ళెవరూ చదవలేదు. ఇప్పుడు "పేజీ చూపించు" అంటారు.

ఉదాహరణకి స్పైడర్‌మ్యాన్ ప్రియురాలు గ్వెన్ స్టేసీని చంపింది ఎవరు అన్న గొడవ. 1973 జూన్ తేదీతో వచ్చిన అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 121వ సంచిక, కథ జెర్రీ కాన్వే, బొమ్మలు గిల్ కేన్. విలన్ గ్రీన్ గాబ్లిన్ ఆమెని వంతెన మీంచి పడేస్తాడు, స్పైడర్‌మ్యాన్ దారం విసిరి కాళ్ళు పట్టుకుంటాడు, పైకి లాగేసరికి ప్రాణం ఉండదు. 2014 సినిమాలో వంతెన లేదు, గడియారం టవర్ పెట్టారు. మా బావ వాదనేమిటంటే, అంత ఎత్తు నుంచి పడుతున్నప్పుడే ఆమె చచ్చిపోయింది, గాబ్లిన్ కూడా ఆ మాటే అంటాడు, కాబట్టి మనవాడి తప్పేం లేదు. నేను ట్యాబ్ తీసి ఆ ప్యానెల్‌ని, అంటే పేజీలో ఆ ఒక్క బొమ్మ గడిని, రెండు వేళ్ళతో పెద్దది చేసి ముందు పెట్టాను. ఆమె తల పక్కన, మెడ దగ్గర, చిన్న అక్షరాల్లో "స్నాప్" అని ఉంటుంది. కాళ్ళ దగ్గర దారం తగిలిన పెద్ద శబ్దం మీద చూపు నిలిచిపోతుంది కాబట్టి మామూలుగా చదువుతూ పోతే ఇది కంటికి ఆనదు. ఒక్కసారి పట్టి ఆపిన కుదుపుకే మెడ విరిగిందని తర్వాత ఉత్తరాల పేజీలో సంపాదకులే చెప్పారు. బావ ఒప్పుకున్నాడా అంటే, లేదు, టాపిక్ మార్చాడు: మాటల్లో జార్జ్ వాషింగ్టన్ వంతెన అని రాసి బొమ్మ బ్రూక్లిన్ వంతెనలా గీశారు, వంతెనే సరిగ్గా తెలియనివాళ్ళ మాట ఎలా నమ్ముతాం అని. అందులోనూ పాయింట్ ఉంది, వంతెన విషయంలో ఆయన చెప్పింది కరెక్టే.

అలాగే "గొప్ప శక్తితో పాటు గొప్ప బాధ్యత కూడా వస్తుంది" అన్న ఆ ఫేమస్ మాట. 2002 సినిమా చూసినవాళ్ళందరూ అది బెన్ బాబాయ్ మాట అని ప్రాణం పెట్టి చెప్తారు. 1962లో స్పైడర్‌మ్యాన్ మొదటిసారి కనిపించిన అమేజింగ్ ఫాంటసీ 15వ సంచిక తెరిస్తే, అది ఆఖరి ప్యానెల్‌లో కథ చెప్పేవాడి మాట, బాబాయ్ అప్పటికే పోయాడు. ఇది చూపించడానికి పది సెకన్లు పట్టింది. అవెంజర్స్ సినిమాల విలన్ తానోస్ వ్యవహారం ఇంకా సరదా. సినిమాలో ఆయన వనరులు, జనాభా లెక్క చెప్తాడు, తెలుగులో రానా గొంతుతో చెప్పేసరికి మావాళ్ళలో సగం మంది కన్విన్స్ అయిపోయారు. 1991లో వచ్చిన ఇన్ఫినిటీ గాంట్లెట్‌లో లెక్కా లేదు, పత్రమూ లేదు, మృత్యువు అక్కడ ఒక ఆడ రూపంలో ఉంటుంది, ఆమెని మెప్పించడానికే విశ్వంలో సగం ప్రాణుల్ని లేపేస్తాడు. లవ్ మ్యాటర్. ఆమె తిరిగి కూడా చూడదు.

ఇంతవరకూ బాగుంది. ఇక ట్యాబ్ చేతులెత్తేసే చోటికి వద్దాం.

వాచ్‌మెన్ కామిక్ చదివే ఉంటారు, లేదా 2009 సినిమా, 2019 సిరీస్ అయినా చూసి ఉంటారు (కామిక్‌లో ఉండి సినిమాలో తీసేసిన ఆ పెద్ద సముద్ర జీవిని సిరీస్ వాళ్ళు మళ్ళీ తెచ్చారు, ఆ విషయంలో నేను సిరీస్ పక్షం). ఆ కామిక్‌లో ఐదో అధ్యాయం మొత్తం అద్దంలో ప్రతిబింబంలా కట్టారు. 28 పేజీలు, మొదటి పేజీలో ప్యానెళ్ళు ఎలా ఉంటాయో చివరి పేజీలో తిరగేసి అలాగే ఉంటాయి, రెండోదానికి 27వది జత, అలా లోపలికి వస్తూ వస్తూ 14, 15 పేజీల దగ్గర కలుస్తాయి. నడిమధ్య ఆ రెండు పేజీలూ ఒకే బొమ్మలా కనిపించాలి. ట్యాబ్‌లో నిలువుగా చదువుతున్నప్పుడు 14 విడిగా, 15 విడిగా వస్తాయి, కొత్తగా చదివేవాడికి అక్కడ ఏదో జరిగిందనే తెలియదు. అడ్డంగా పెట్టి చదివితే సరిపోతుందనుకుంటారు, అక్కడ ఇంకో తిరకాసు. యాప్ మొదటి పేజీని రెండోదానితో కలిపి జతలు కడితే మొత్తం ఒకటి జరిగిపోయి 13 పక్కన 14, 15 పక్కన 16 వస్తాయి. దీనికి సెట్టింగ్స్‌లో మొదటి పేజీని విడిగా చూపించు అనే ఆప్షన్ ఉంటుంది, కొన్ని యాప్‌లలో అదీ ఉండదు.

హారర్‌కి వచ్చేసరికి ఇదే పెద్ద రోగం అయి కూర్చుంటుంది. సినిమాలో భయపెట్టాలంటే సౌండ్ ఉంది, కటింగ్ ఉంది. కామిక్‌లో ఉన్నదల్లా పేజీ తిప్పడం. జపాన్‌లో హారర్ కామిక్స్ గీసే జుంజి ఇటో లాంటివాడు ఆ ఒక్కదానితోనే నిద్ర లేకుండా చేస్తాడు. ఆయన పుస్తకం ఉజుమాకి కుడి నుంచి ఎడమకి చదవాలి, ఎడమ పేజీ చివర ఎవరో తలుపు తీస్తుంటారు, లేదా వెనక్కి తిరుగుతుంటారు, మనం కాగితం పట్టుకుని తిప్పాలి, తిప్పగానే ఆ బొమ్మ. తిప్పేది మనమే కాబట్టి ఆ క్షణంలో చెయ్యి ఆగుతుంది, చూడాలని ఉంటుంది, వద్దనీ ఉంటుంది. ట్యాబ్‌లో ఒక్కో పేజీ చూస్తూ పోతే ప్రతి పేజీకీ వేలు జరపడమే, కాబట్టి ఏదీ ప్రత్యేకం కాదు. రెండు పేజీల మోడ్‌లో జత జరిగిపోతే ఇంకా ఘోరం, తలుపు తీసే బొమ్మ పక్కనే తలుపు వెనకాల ఉన్నదీ కనిపించేస్తుంది, ఓరకంట చూశాక ఇంకేం టెన్షన్? చీకట్లో స్క్రీన్ వెలుగు అదనపు భయం తెస్తుంది అనేవాళ్ళకి నా జవాబు ఇదే. పైగా ఎల్సీడీ స్క్రీన్ మీద నలుపు నలుపులా ఉండదు, చీకటి గదిలో బూడిద రంగుకి తిరుగుతుంది, ఇటో నల్ల సిరాతో నింపిన మూలలన్నీ వెలిసిపోతాయి.

జాంబీల కామిక్ వాకింగ్ డెడ్ కొంచెం నయం. అది కూడా బ్లాక్ అండ్ వైటే, కానీ మాటలు ఎక్కువ, పేజీ తిప్పడం మీద అంత ఆధారపడదు. పైగా 193 సంచికలు, చాలా సంచికలు కలిపి వేసిన, వెయ్యి పేజీలు దాటిన ఆ కంపెండియంలు మంచం మీద పడుకుని చదవాలంటే వాటికింద ఒక స్టాండ్ పెట్టుకోవాలి, అందుకని ఇది ట్యాబ్‌లోనే పూర్తి చేశాను. టీవీ సిరీస్ అభిమానులకి ఒక హెచ్చరిక: మీ డారిల్ కామిక్‌లో లేడు, అసలు లేనే లేడు. టీవీలో ఎనిమిదో సీజన్లో పోయిన కార్ల్ మాత్రం ఇక్కడ ఆఖరి సంచిక దాకా బతికే ఉంటాడు. ఇది మా బ్యాచ్‌లో డారిల్ ఫ్యాన్‌కి చెప్పిన రోజు తను టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది. ఆ 193వ సంచికతో కథ ముగుస్తుందని రచయిత రాబర్ట్ కిర్క్‌మన్ 2019లో ముందుగా చెప్పలేదు, తర్వాతి సంచికలకి ఉత్తుత్తి ప్రకటనలు కూడా ఇప్పించాడు.

రంగుల గురించి ఒక్క మాట. రాత్రిపూట కళ్ళకి మంచిదని స్క్రీన్‌ని పసుపు చేసే మోడ్ ఆన్ చేసి కామిక్స్ చదవొద్దు. బ్యాట్‌మ్యాన్ కామిక్ కిల్లింగ్ జోక్ 1988లో జాన్ హిగిన్స్ వేసిన ఊదా, నారింజ రంగులతో వచ్చింది, 2008లో బొమ్మలు గీసిన బ్రయన్ బోలండే మళ్ళీ చల్లటి రంగులు వేసుకున్నాడు, పాత జ్ఞాపకాల సీన్లన్నీ నలుపు తెలుపు చేసి ఎర్రటి వస్తువులకి మాత్రం రంగు ఉంచాడు. ఏది గొప్ప అన్నది మరో పెద్ద గొడవ, నాకు హిగిన్స్‌దే ఇష్టం, పిచ్చిగా ఉంటుంది, జోకర్ కథకి అలాగే ఉండాలి. కానీ ఆ పసుపు మోడ్‌లో రెండూ ఒకేలా చాయ్ రంగులోకి వచ్చేస్తాయి, వాదించుకోవడానికి ఏమీ మిగలదు.

ప్యానెల్ తర్వాత ప్యానెల్ పెద్దదిగా చూపించే మోడ్ ఫోన్‌కి పనికొస్తుంది, బస్సులో. ట్యాబ్‌లో దాని జోలికి పోలేదు.

కొనే విధానం మీద నాకు ఇంకా కోపం ఉంది. డబ్బు కట్టి కొన్న పుస్తకాలు ఒక యాప్‌లో వరసగా సిరీస్‌ల వారీగా పెట్టుకున్నాను, ఆ యాప్‌ని మార్చేసి ఇంకోదాంట్లో కలిపేసిన తర్వాత నా లైబ్రరీ అంతా చిందరవందర అయింది, 12వ సంచిక తర్వాత 3వది వస్తుంది. కస్టమర్ కేర్‌కి రాస్తే యాప్ తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేయమన్నారు. అప్పటి నుంచి సీబీజెడ్ ఫైలుగా ఇచ్చేవాళ్ళ దగ్గరే కొంటున్నాను, అది ఇంకేమీ కాదు, పేజీల బొమ్మలన్నీ కలిపి కట్టిన జిప్ ఫైలు, దాదాపు ఏ కామిక్ రీడర్ యాప్‌లోనైనా తెరుచుకుంటుంది, పెన్ డ్రైవ్‌లో దాచుకోవచ్చు. 1954లో కామిక్స్ కోడ్ (ప్రచురణకర్తలే పెట్టుకున్న సెన్సార్ నియమాలు) రాకముందు అమెరికాలో వచ్చిన హారర్ కామిక్స్‌లో కాపీరైట్ తీరిపోయినవి డిజిటల్ కామిక్ మ్యూజియం సైట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. పసుపెక్కిన న్యూస్‌ప్రింట్, చుక్కల రంగులు, పేజీ మీద మడతలతో సహా స్కాన్ చేసి పెట్టారు. భయం వేయదు, నవ్వొస్తుంది, కానీ పెద్ద ట్యాబ్ మీద అవి చూడటానికి ఎంత బాగుంటాయో చెప్పలేను.

పుస్తకాలే మేలు కదా మరి అంటే, సముద్రం పక్క ఊళ్ళో ఉండి చూడండి. వానాకాలం వచ్చిందంటే చెమ్మకి పేజీలు అలల్లా లేస్తాయి, జిగురు బైండింగ్ వదిలేస్తుంది, అట్ట లోపల బూజు. నా షెల్ఫులో ఇప్పుడు ఉజుమాకి, వాచ్‌మెన్, ఇంకొన్ని హారర్ పుస్తకాలు మాత్రమే మిగిలాయి, వాటి వెనక సిలికా జెల్ ప్యాకెట్లు పెట్టాను. మిగతా సూపర్‌హీరోలందరూ ట్యాబ్‌లోనే. కొనేవాళ్ళు 128 జీబీకి తక్కువ తీసుకోకండి, మెరిసే స్క్రీన్ గార్డ్ వేయించకండి, ట్యూబ్‌లైట్ ప్రతి పేజీలోనూ ఒక ప్యానెల్ ఆక్రమిస్తుంది.