షిరింజె: పగలొచ్చి పోతే సగమే చూసినట్టు

టర్కీలో ఎఫెసస్ అనే ప్రాచీన నగర శిథిలాలు చూసినవాళ్లలో చాలామంది అటునుంచి అటే ఇజ్మీర్ వెళ్లిపోతారు. పక్కనున్న సెల్చుక్ నుంచి ఎనిమిది కిలోమీటర్లు కొండెక్కితే షిరింజె. సెల్చుక్ బస్టాండు నుంచి మినీబస్సులున్నాయి. దారి సన్నం, మలుపులెక్కువ. కడుపులో తిప్పేవాళ్లు ముందు సీటు పట్టుకోండి.

ఊరి పాత పేరు చిర్కింజె. టర్కిష్‌లో 'చిర్కిన్' అంటే అందవిహీనం. బయటివాళ్లు రాకూడదని తొలి నివాసులే అలా చెప్పుకున్నారని ఒక కథ. 1926లో ఇజ్మీర్ గవర్నర్ కాజిం దిరిక్ దాన్ని 'ముద్దొచ్చే ఊరు' అనే అర్థంలో షిరింజెగా మార్చాడు. ఈ కథ ప్రతి దుకాణంలోనూ చెప్తారు. అప్పటికే ఊళ్లో మనుషులే మారిపోయారన్నది మాత్రం మనం అడిగితేనే.

ఒకప్పుడు ఇక్కడుండేది గ్రీకు క్రైస్తవులు. అంజూర, ఆలివ్ తోటలు వాళ్లవే. 1922లో టర్కీతో యుద్ధంలో గ్రీకు సైన్యం ఓడిపోయాక ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోయారు. మరుసటేడు స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో రెండు దేశాలూ జనాల్ని మార్చుకునే ఒప్పందం చేసుకున్నాయి. భాష చూడలేదు, మతమే లెక్క. పది లక్షలకు పైగా క్రైస్తవులు గ్రీసుకు చేరారు, సుమారు నాలుగు లక్షల ముస్లింలు టర్కీకి వచ్చారు. గ్రీసులోని కవాలా వైపు నుంచి వచ్చిన ముస్లిం కుటుంబాలకు ఈ ఖాళీ ఇళ్లు దక్కాయి. వాళ్లూ నిర్వాసితులే, పాపం.

బాప్తిస్మమిచ్చు యోహాను చర్చిలో రంగు వెలిసిన గోడలకన్నా, ముంగిట్లో కోరిక కోరుకుని చిల్లర విసిరే తొట్టె దగ్గరే జనం ఎక్కువ. దానిమ్మ, మల్బరీ వైన్లు చిన్న కప్పుల్లో రుచి చూపిస్తారు. నాకైతే దగ్గు సిరప్‌లా అనిపించాయి. సందుల్లో ఆడవాళ్లు పెనం మీద కాల్చే గోజ్లెమె మాత్రం వదలొద్దు. పాలకూర, చీజ్ పెట్టిన పల్చటి రొట్టె అది, శాకాహారులకు దిగుల్లేదు.

బస సెల్చుక్‌లో చౌక. అయినా ఒక్క రాత్రికి పాత రాతి ఇల్లే తీసుకోండి. మేం దిగిన చోట వేడినీళ్లు అరకొరగా వచ్చాయి, మెట్లు నిటారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు వద్దు. పొద్దున టిఫిన్‌కి ఆలివ్‌లు, తేనె, టమాటాలతో బల్ల నిండిపోయింది. టూరిస్టు బస్సులు వచ్చేలోపే ఊళ్లో ఉన్న రెండు చర్చిలూ చూసేయొచ్చు. శని, ఆదివారాలైతే ఈ సందుల్లో తోపులాటే.