మద్రాసు లజ్ దగ్గరి ఇమిగ్రేషన్ లాయరు ఆఫీసు: గడువు దాటి ఉండి వచ్చిన తమ్ముడికి అక్క స్పాన్సర్ చేయాలంటే

అమెరికాలో వీసా గడువు దాటి ఉండి వచ్చిన మా అబ్బాయికి అక్కడున్న వాళ్ళ అక్క గ్రీన్ కార్డుకు స్పాన్సర్ చేయొచ్చా అని అడగడానికి ఈ ఆఫీసుకు వెళ్ళాను. చేయొచ్చన్నారు. ఎట్లా చేయాలో, ఎన్నేళ్ళు పడుతుందో, దేనికి డబ్బు కట్టకూడదో తెల్ల కాగితం మీద తేదీలు వేసి చూపించి పంపించారు. ఐదు స్టార్లు ఇస్తున్నది అందుకే. మాలాంటి కుటుంబాలు మద్రాసులో చాలా ఉన్నాయి కాబట్టి వివరంగా రాస్తున్నాను.

నేను పెరంబూర్ రైలు పెట్టెల ఫ్యాక్టరీ ఐ.సి.ఎఫ్.లో పనిచేసి రిటైరయ్యాను. సొంతూరు గూడూరు పక్క. అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది, అక్కడి సిటిజన్. అబ్బాయి 2020 జనవరిలో విజిటర్ వీసా మీద అక్క దగ్గరికి వెళ్ళాడు. దిగినప్పుడు ఆరు నెలలకు ఐ-94 (ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) ఇచ్చారు, అంటే జులై దాకా. మార్చిలో కరోనాతో విమానాలు ఆగిపోయాయి. మళ్ళీ మొదలైనాక అల్లుడికి ఒంట్లో బాగాలేక, ఇంట్లో చంటిబిడ్డ ఉండి, వాడు ఆగిపోయాడు. పొడిగింపు కోసం ఐ-539 ఫారం వేయలేదు. 2021 ఏప్రిల్‌లో తిరిగొచ్చాడు.

ఇక్కడికి రాకముందు ఇంకో చోట అడిగాం. పేరు రాయను. వాళ్ళు పాస్‌పోర్టు తెరవకుండానే పదేళ్ళ బ్యాన్ అన్నారు. నాలుగు లక్షలు కడితే వేవర్, అంటే నిషేధం నుంచి మినహాయింపు తెప్పిస్తామని, తమ్ముడు దగ్గర లేనందుకు అక్క పడుతున్న కష్టాన్ని చూపిస్తే చాలని చెప్పారు. అదీ కాకపోతే కొత్త పాస్‌పోర్టు తీసుకుని, విజిటర్ వీసా ఫారంలో గడువు దాటి ఉన్నారా అన్న చోట లేదు అని పెట్టమన్నారు. మా ఆవిడ ఆ రాత్రి నిద్రపోలేదు. గొలుసు తాకట్టు పెడదామనే దాకా వచ్చింది.

ఈ ఆఫీసులో లాయరు మేడం మొదట అడిగింది పాత పాస్‌పోర్టు. రెండోది, ఐ-539 గడువులోపల వేశారా అని. వేసి ఉంటే, అది తేలేదాకా ఉన్న రోజుల లెక్క వేరుగా ఉండేదట. తర్వాత అమెరికా ప్రభుత్వ వెబ్‌సైటులోనుంచి మా వాడి ఐ-94 ప్రయాణాల చిట్టా తీయించారు. అమెరికా విమానాశ్రయాల్లో వెళ్ళేటప్పుడు పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టరు. అందుకని మనవాళ్ళు ఢిల్లీలో కొట్టిన అరైవల్ ముద్ర, దాచిపెట్టిన బోర్డింగ్ పాసు పక్కపక్కన పెట్టి, అక్కడినుంచి కదిలిన రోజును ఖాయం చేశారు. ఈ దేశంలో దిగిన తేదీకి, ఆ దేశం వదిలిన తేదీకి ఒక రోజు తేడా ఉంటుందని కూడా చూపించారు. కొందరికి ఆ ఒక్క రోజే కొంప ముంచుతుందన్నారు.

లెక్క ఇది. గడువు దాటి 180 రోజులకు పైగా, ఏడాదికి లోపల ఉండి వెళ్ళిపోతే, వెళ్ళిన రోజు నుంచి మూడేళ్ళు రానివ్వరు. ఏడాది, ఆ పైన ఉంటే పదేళ్ళు. 1996లో చేసిన చట్టం, 1997 ఏప్రిల్ 1 నుంచి అమలు. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల రోజులు ఇందులో కలపరు. స్టూడెంట్ వీసావాళ్ళ ఐ-94 మీద తేదీ ఉండదు కాబట్టి వాళ్ళ లెక్క వేరు, విజిటర్ లెక్కతో కలిపి భయపడొద్దన్నారు. మా వాడిది 180 దాటింది, ఏడాది కాలేదు. 2021 ఏప్రిల్ నుంచి మూడేళ్ళు, అంటే 2024 ఏప్రిల్‌కే ఆ నిషేధం తీరిపోయింది. మేం వెళ్ళింది 2025లో. పదేళ్ళని భయపెట్టి, తీరిపోయిన నిషేధానికి నాలుగు లక్షలు అడిగారన్నమాట! ఆ మాట విన్నప్పుడు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ పోలేదు.

వేవర్ గురించి మేడం చెప్పింది అందరూ గుర్తు పెట్టుకోవాలి. గ్రీన్ కార్డు మీద వెళ్ళేవాళ్ళకు ఈ నిషేధానికి వేవర్ కావాలంటే, అమెరికా సిటిజనో గ్రీన్ కార్డుదారో అయిన భార్యకో భర్తకో, లేదా తల్లికో తండ్రికో తీవ్రమైన కష్టం కలుగుతుందని చూపించాలి. అక్కాచెల్లెళ్ళ, అన్నదమ్ముల కష్టం ఆ లెక్కలోకి రాదు. మా అమ్మాయి తమ్ముడి కోసం ఎంత ఏడ్చినా ఆ ఫారంలో దానికి చోటు లేదు. ఇక ఫారంలో లేదు అని పెట్టమన్న సలహా వినగానే ఆమె పెన్ను కింద పెట్టేశారు. "సార్, గడువు దాటి ఉన్నందుకు మూడేళ్ళు. అబద్ధం చెబితే జన్మంతా," అన్నారు. గడువు వివరాలు అమెరికావాళ్ళ కంప్యూటర్లో ఉంటాయి, పాస్‌పోర్టు మారిస్తే పోవు.

గడువు దాటి ఉన్నా అక్క పిటిషన్ వేయడానికి అడ్డం లేదని, నిషేధం నడుస్తున్నప్పుడు కూడా వేసుకోవచ్చని మాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. దాన్ని ఐ-130 అంటారు. వేసేవాళ్ళు సిటిజన్ అయి ఉండాలి, 21 ఏళ్ళు నిండాలి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు తోబుట్టువులకు వేయలేరు. ఇది ఎఫ్-4, అంటే సిటిజన్ల తోబుట్టువుల వరుస. ప్రపంచం మొత్తానికి ఏడాదికి 65,000 వీసాలు, ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం దాటకుండా పరిమితి. ఎవరి వంతు నడుస్తోందో అమెరికా ప్రభుత్వం నెలనెలా చెప్పే వీసా బులెటిన్‌లో, 2025లో మన దేశానికి 2006లో వేసినవాళ్ళ వంతు నడిచింది. అంటే దాదాపు పంతొమ్మిదేళ్ళు. ఈరోజు వేసినవాళ్ళకు ఇంకా ఎక్కువే పట్టొచ్చని దాచకుండా చెప్పారు. నాకు అప్పటికి తొంభై దగ్గర పడతాయి. పదేళ్ళ నిషేధం పడినవాళ్ళకు కూడా అది ఈ వరుసలో నిలబడి ఉండగానే తీరిపోతుంది. కాబట్టి నిషేధం తీరాక చూద్దాం అని కూర్చుంటే పోయేది వరుసలో చోటే. పిటిషన్ అందిన రోజే ప్రయారిటీ డేట్, అంటే వరుసలో మన చోటు చెప్పే తేదీ అవుతుంది.

నాకు ఇంకో దారి కూడా చూపించారు. అమ్మాయి నాకు వేస్తే తండ్రికి వరుస లేదు, తొందరగానే గ్రీన్ కార్డు వస్తుంది. తర్వాత నేను కొడుక్కి వేస్తే అది ఎఫ్-2బి అనే ఇంకో వరుస, 2025లో అక్కడ 2016 నాటివి నడిచాయి, అంటే సగం కాలం. కానీ గ్రీన్ కార్డు తండ్రి వేసినది పెళ్ళికాని కొడుక్కే చెల్లుతుంది. మధ్యలో పెళ్ళి చేసుకుంటే అక్కడితో సరి. మా వాడికి ఇప్పుడే సంబంధాలు చూస్తున్నాం. కాగితం కోసం పెళ్ళి ఆపమని ఏ తండ్రి చెబుతాడు? పైగా గ్రీన్ కార్డు తీసుకున్నవాడు అక్కడ కాపురం ఉండాలి. పెరంబూర్ వదిలి ఆ చలిలో నేను, మా ఆవిడ ఏం చేస్తాం? ఎఫ్-4కి పెళ్ళి అడ్డం కాదు, భార్యా, 21 లోపు పిల్లలూ కూడా వెంట వస్తారు. మేం అక్క దారే ఎంచుకున్నాం. ఇప్పుడు పెళ్ళివారు అమెరికా సంగతి అడిగితే ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

పిటిషన్‌కు లాయరు అక్కర్లేదని, అమ్మాయే ఆన్‌లైన్లో వేసుకోవచ్చని ఆమే చెప్పారు. ప్రభుత్వ రుసుము ఆన్‌లైన్లో 625 డాలర్లు, కాగితం మీద అయితే 675. ఇక్కడ మేం చేయించుకున్నది కాగితాల పని, అదే పెద్ద పని. ఇద్దరూ ఒకే తల్లిదండ్రుల పిల్లలని జనన ధ్రువపత్రాలతో రుజువు చేయాలి. అమ్మాయి గూడూరులో పుట్టింది, దాని సర్టిఫికెట్లో ఇంటిపేరు పూర్తిగా ఉంది. అబ్బాయి ఇక్కడ అయనావరంలో పుట్టాడు, ఇక్కడి పద్ధతిలో తండ్రి పేరులోని ఇనిషియల్ ఒక్కటే. పెళ్ళయ్యాక అమ్మాయి ఇంటిపేరు మారింది. నా పేరే మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉంది. నా సర్వీసు రిజిస్టరు, రేషన్ కార్డు, అమ్మాయి పెళ్ళి సర్టిఫికెట్ అన్నీ వరసపెట్టి, ఇవన్నీ ఒక మనిషి పేర్లేనని అఫిడవిట్లు తయారు చేశారు. తెలుగు, తమిళ కాగితాలకు ఇంగ్లీషు అనువాదాలు కూడా చేయించి పెట్టారు. అమ్మాయి వేసింది, రసీదు వచ్చింది.

లోపాలూ ఉన్నాయి. ఆఫీసు రెండో అంతస్తులో, లిఫ్టు లేదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు కష్టం, మా ఆవిడ మధ్యలో కూర్చుని ఎక్కింది. ఫోను సాయంత్రం తీయరు. ముందు కూర్చునే అమ్మాయికి తెలుగు రాదు, మేడం మాత్రం మంచి తెలుగు మాట్లాడతారు. అనువాదాల్లో మా ఊరి పేరు ఒకచోట తప్పు పడింది, చెప్పగానే మార్చారు గానీ నేను చదవకపోయి ఉంటే అట్లాగే వెళ్ళేది. మీరూ ప్రతి పేజీ చదవండి.

మొదటి కలయికకు మూడు వేలు, కాగితాల పనికి వేరు. ప్రతిదానికీ అడక్కుండానే రసీదు ఇచ్చారు. గోడ మీద మేడం న్యూయార్క్ లాయరు లైసెన్సు ఉంది, ఆన్‌లైన్లో సరిచూసుకోమని తనే చెప్పారు. ఏ కన్సల్టెన్సీకి వెళ్ళినా ఇది అడగండి. అమెరికాలో ఏదో ఒక రాష్ట్రంలో లైసెన్సు లేనివాళ్ళు అక్కడి ఇమిగ్రేషన్ ఆఫీసు ముందు మీ తరఫున లాయరుగా నిలబడలేరు.

పెరంబూర్ వైపు వాళ్ళు 29సి ఎక్కి లజ్‌లో దిగండి. మెట్రో పనుల వల్ల కారుకు చోటు దొరకదు. రద్దయిన పాత పాస్‌పోర్టు, బోర్డింగ్ పాసులు, ఐ-94 ప్రింటు తీసుకెళ్ళండి. అవి లేకుండా వెళితే ఆమె తేదీలు చెప్పరు, మళ్ళీ రమ్మంటారు.