ఆరు వసంతాలు నా మెడలో వేలాడిన 8×42 బైనాక్యులర్

ఈ బైనాక్యులర్ కొన్న వారంలోనే సమీక్ష రాసి ఉంటే అన్నీ పొగడ్తలే ఉండేవి. ఆరేళ్లు వాడాక రాస్తున్నాను కాబట్టి మంచీ చెడూ రెండూ చెప్పగలను.

అమెరికాలోని డెన్వర్ నగరానికి పడమర వైపు, మోరిసన్ ఊరి దగ్గర డైనోసార్ రిడ్జ్ అనే రాతి గట్టు ఉంది. ఏటా మార్చి మొదలు మే మొదటి వారం దాకా, ఉత్తరానికి తిరిగి వెళ్లే డేగల్నీ గద్దల్నీ దాని మీద నిలబడి లెక్కపెడతారు. వాలంటీర్‌గా నేను శనివారాలు వెళ్తాను. పొద్దున్నే ఎక్కితే మధ్యాహ్నం మూడు దాకా ఆకాశం చూడటమే పని. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఈ పనికి 8×42 అనే సైజు (అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు) ఎలా పనికొస్తుందో చెప్పాలన్నదే నా ఉద్దేశం.

కొనే ముందు అందరూ 10×42 తీసుకోమన్నారు. దూరంగా పోయే పక్షులు కదా, ఎంత పెద్దగా కనిపిస్తే అంత మంచిదని. గట్టు మీదకి వెళ్లాక తెలిసింది, పెద్దగా చూడటం కంటే ముందు అసలు పక్షి దొరకడమే కష్టమని. చెట్టూ పుట్టా ఏదీ లేని నీలి ఆకాశంలో ఒక చుక్కని పట్టుకోవాలి. కిలోమీటరు దూరంలో నా 8కి దాదాపు 140 మీటర్ల వెడల్పు కనిపిస్తుంది. పక్కన నిలబడే స్నేహితుడి 10కి 110 దాటదు. ఆ ముప్పై మీటర్లే కీలకం. గాలికి చేతులు ఊగినప్పుడు 10లో పక్షి కూడా గంతులేస్తుంది. అందుకే గంటల తరబడి చూసేవాళ్లకి నేను 8నే చెబుతాను.

కొనేటప్పుడు ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. శరదృతువులో పక్షులు ఉత్తరం నుంచి వస్తాయి, సూర్యుడు మన వీపు వెనకాల ఉంటాడు. వసంతంలో దీనికి పూర్తిగా తలకిందులు. పక్షులు దక్షిణం నుంచి వస్తాయి, మధ్యాహ్నం సూర్యుడూ అటే ఉంటాడు. రోజంతా ఎండకి ఎదురు చూడాలి. నాసిరకం అద్దాల్లో అప్పుడు బొమ్మంతా పాలు కలిపినట్టు తెల్లబారిపోతుంది, గద్ద రంగూ రూపూ ఏదీ తెలియదు. నా బైనాక్యులర్ ఈ ఒక్క పరీక్షలో బాగా నెగ్గింది. కొనేవాళ్లు షాపు బయటికి తీసుకెళ్లి, సూర్యుడికి కాస్త పక్కగా ఉన్న ఏ కరెంటు స్తంభాన్నో చూసి పరీక్షించుకోండి. సూర్యుడి వైపు మాత్రం పొరపాటున కూడా తిప్పొద్దు, కళ్లు పోతాయి.

పడమటి గాలి వీచే రోజు గట్టు మీద పండగే. గాలి రాతి గోడకి తగిలి పైకి లేస్తుంది, పక్షులు రెక్క ఆడించకుండా దాని మీద తేలుతూ మా కళ్ల ఎత్తునే వెళ్లిపోతాయి. రెండో ఏడు ఒక ఫెరూజినస్ హాక్ అలాగే వచ్చింది. ఫోకస్ తిప్పుతూనే ఉన్నాను, అది దగ్గరవుతూనే ఉంది. తెల్లటి పొట్ట, దాని మీద తుప్పు రంగు కాళ్లు రెండూ కలిసి వి ఆకారంలో. కాలి ఈకలు గాలికి రేగడం కూడా చూశాను. ఇక బైనాక్యులర్ దించేశాను, అవసరం లేదు. తల తిప్పి నన్నొకసారి చూసి, నేల మీద తన నీడని ఈడ్చుకుంటూ ఉత్తరానికి పోయింది. కాగితం మీద ఒక గీత పెట్టడానికి నాకు కాసేపు పట్టింది.

గాలి లేని ఎండ రోజు దీనికి పూర్తిగా వేరు. వేడెక్కిన గాలి పైకి లేస్తుంటే గద్దలు అందులో గుండ్రంగా తిరుగుతూ ఎంతో ఎత్తుకి వెళ్లిపోతాయి. మబ్బు తునక ఉంటే దాని ముందు నల్ల చుక్కలా కనిపిస్తాయి, లేకపోతే కళ్లు కాయలు కాయాల్సిందే. ఒక ఏప్రిల్‌లో తెనాలి నుంచి వచ్చిన నాన్నని పైకి తీసుకెళ్లాను. బైనాక్యులర్ ఇస్తే వద్దన్నారు. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "అదుగోనమ్మా గద్ద, ఆ మబ్బు అంచున" అన్నారు. నేను అప్పటికే రెండుసార్లు ఆ మబ్బుని దాటేశాను. వాళ్ల చిన్నప్పుడు కోడిపిల్లల్ని గద్ద తన్నుకుపోకుండా కాపలా కాసేవారట. ఆ రోజు నుంచి నేను పది నిమిషాలు బైనాక్యులర్‌తో చూస్తే రెండు నిమిషాలు ఒట్టి కళ్లతో చూస్తున్నాను. దీని వల్ల లెక్క పెరిగిందని గట్టిగా చెప్పగలను.

దూరపు పక్షి విషయంలో 8 చాలదు, అది ఒప్పుకోవాలి. రెక్కల ఆకారం తెలుస్తుంది, జాతి తెలియదు. టర్కీ వల్చర్ అయితే రెక్కలు వి లాగా ఎత్తి అటూ ఇటూ ఊగుతుంది, ఎంత దూరమైనా ఇబ్బంది లేదు. చూడటానికి ఒకేలా ఉండే కూపర్స్ హాక్, షార్ప్-షిన్డ్ హాక్ మాత్రం నాకు ఇప్పటికీ టెన్షనే. 30 రెట్ల టెలిస్కోప్ ఒకటి పక్కన ఉండాలి. అదీ దొరకనప్పుడు 'గుర్తుపట్టలేదు' అనే గడిలో గీత పెడతాం. ఆ గడిని చిన్నచూపు చూడొద్దు. అక్కడే కాపురముండే గోల్డెన్ ఈగిల్‌నో రెడ్-టెయిల్డ్ హాక్‌నో వలస పక్షిగా రాసినా, ఒకే పక్షిని రెండుసార్లు రాసినా, ఆ తప్పు ఏళ్ల తరబడి లెక్కలో ఉండిపోతుంది. పెన్సిల్వేనియాలోని హాక్ మౌంటెన్ మీద ఓపిగ్గా పెట్టిన లెక్కల్లో పిల్ల ఈగిల్స్ తగ్గిపోవడం కనబడింది. డీడీటీ అనే పురుగుమందు చేసిన నష్టానికి అదొక సాక్ష్యమైంది, 1972లో అమెరికా ఆ మందుని నిషేధించింది. గంటగంటకీ గాలి, మబ్బు, ఉష్ణోగ్రత రాసేటప్పుడు నాకు అదే గుర్తొస్తుంది.

ఇక లోపాలు. మూడో ఏడు డయాప్టర్ రింగు (రెండు కళ్ల చూపులో తేడాని సరిచేసే చక్రం) వదులై దానంతటదే తిరిగిపోయేది. నెల రోజులు నా కుడి కన్నే మందగించిందనుకుని కళ్ల డాక్టర్ దగ్గరికి కూడా వెళ్లొచ్చాను. రిపేర్‌కి పంపితే సరిగ్గా సీజన్ మధ్యలో ఏడు వారాలు పెట్టుకున్నారు, నాకు చాలా బాధేసింది. మార్చి చలిలో ఫోకస్ చక్రం బిగుసుకుపోతుంది, గ్లోవ్స్‌తో తిప్పడం నరకం. కంపెనీ ఇచ్చిన బెల్టు మొదటి రోజే మెడ కోసేసింది, భుజాల మీదుగా వేసుకునే హార్నెస్ వెంటనే కొనండి. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు ఐ రిలీఫ్ (బొమ్మ పూర్తిగా కనిపించేలా కంటిని బైనాక్యులర్‌కి ఎంత దూరంలో ఉంచొచ్చో ఆ కొలత) 17 మిల్లీమీటర్లకి తగ్గకుండా చూసుకోండి, నా కళ్లద్దాలతో ఇబ్బంది రాకపోవడానికి కారణం అదే. వానలో తడిసినా, మంచు పడ్డా లోపల ఆవిరి మాత్రం ఎప్పుడూ పట్టలేదు.

కంటి దగ్గరి రబ్బరు కప్పుల్లో ఎడమది పోయినేడు చిరిగింది. కొత్తవి తెప్పించి బిగించాను. డయాప్టర్ రింగు మీద ఒక ముక్క టేపు అంటించి, సరైన చోట పెన్నుతో గీత పెట్టుకున్నాను. మార్చి మొదటి శనివారం ఇదే తీసుకెళ్తున్నాను.