యూవీబీ అని చెప్పి మామూలు బల్బు అంటగట్టారు: ఇగువానా కేజ్ కట్టుకునేవాళ్లు జాగ్రత్త

మనందరికీ తెలిసిన ఆ పెంపుడు జంతువుల షాపులో "బాస్కింగ్ సెట్టు" (జంతువు వెచ్చగా పడుకోవడానికి అరలు, లైటు) కొనాలని ఎవరైనా అనుకుంటుంటే దయచేసి ఆగండి. పేరు రాయను. గోదావరి జిల్లాల్లో ఇగువానా (పెద్ద బల్లి లాంటి పెంపుడు జంతువు) పెంచుతున్నవాళ్లకి ఆ షాపాయనెవరో చెప్పక్కర్లేదు, మనలో చాలామంది ఏదో ఒక సామాను ఆయన దగ్గరే కొన్నాం. నిన్న ఆ షాపులో నాకు జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

ముందు సంగతి త్వరగా చెప్పేస్తాను. మా ఇగువానా బుజ్జి ఇంకా పెరిగే వయసులో ఉంది, ముక్కు నుంచి తోక చివరి దాకా మూడడుగులు. వేసవంతా డాబా మీద వల కట్టి పొద్దుటి ఎండలో వదిలేవాళ్లం. దాని ఎముకలకి కావాల్సిన యూవీబీ (ఎండలో ఉండే అతినీలలోహిత) కిరణాలు మన ఎండలోనే ఉంటాయి, వేరే లైటుతో పనే లేదు. కానీ ముసురు పట్టిందంటే కోనసీమలో రోజుల తరబడి సూర్యుడు కనబడడు కదా, అందుకని జూన్‌లో వరండాలో ఆరడుగుల ఎత్తు కేజ్ కట్టించాం. ఫ్రేము మా ఊరి వడ్రంగి వేపచెక్కతో చేశాడు, దానికి వంక పెట్టడానికి లేదు. లోపలి అరలు, అది వెచ్చగా పడుకునే పై అర, లైటు, హోల్డరు మాత్రం ఆ షాపాయన సెట్టుగా ఇచ్చాడు. 7,800 రూపాయలు.

అప్పుడు ఎంత మర్యాదో! "మాస్టారూ, మీరేం టెన్షన్ పడకండి. ప్లై 710 మెరైన్, నీళ్లలో నానబెట్టినా ఉబ్బదు. లైటు యూవీబీ 10.0, వేడీ అదే ఇస్తుంది, ఎండ పనీ అదే చేస్తుంది. ఇంక డాబా ఎక్కించక్కర్లేదండి ఆయ్." ఆ మాట మీద వానాకాలమంతా దాన్ని ఆ లైటు కిందే ఉంచాం.

వినాయక చవితి నాటికే అరల అంచులు ఉబ్బి పొరలు విడిపోవడం మొదలైంది. ఇగువానాకి గాల్లో తేమ బాగా ఉండాలి, రోజూ నీళ్లు చిలకరించాల్సిందే. అది ఆయనకి తెలియని విషయం కాదు, తెలిసే నాకు మెరైన్ ప్లై అని చెప్పాడు. ఒకరోజు మధ్య అర స్క్రూల దగ్గర ఊడిపోయి బుజ్జితో సహా కింద పడింది. కింద కొబ్బరి పీచు మందంగా పరిచి ఉంది కాబట్టి దెబ్బ తగల్లేదు. ఫోన్ చేస్తే "నీళ్లు ఎక్కువ కొడుతున్నారు మాస్టారూ" అన్నాడు. విరిగిన ముక్క తిప్పి చూస్తే 710 (మెరైన్ ప్లై ప్రమాణం నంబరు) అని అచ్చు ఉంది గానీ, ఐఎస్ఐ గుర్తు కింద ఉండాల్సిన సీఎం/ఎల్ నంబరు, అంటే తయారీదారు లైసెన్సు నంబరు, ఎక్కడా లేదు. నిజమైన సరుకైతే ఆ నంబరును ఐఎస్ఐ గుర్తు ఇచ్చే సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారుచేసిన కంపెనీ పేరు వస్తుంది. హోల్డరు కూడా పింగాణీది కాదు, ప్లాస్టిక్‌ది. వంద వాట్ల బల్బు వేడికి గోధుమరంగు తిరిగి ఉంది. ఇంకొన్నాళ్లుంటే వరండా అంటుకునేదేమో.

ఇదంతా డబ్బు నష్టం, ఎలాగో సర్దుకునేవాణ్ణి. అసలు దారుణం బల్బు.

దీపావళి తర్వాత బుజ్జి ముందుకాళ్ల మీద లేవడం మానేసింది. కాలివేళ్లు వణికేవి. కింది దవడ రెండు వైపులా వేలితో తాకితే మెత్తగా ఉంది. డాక్టరుగారు ఎక్స్‌రే తీసి ఎముకలు పలచబడ్డాయన్నారు, మెటబాలిక్ బోన్ డిసీజ్ అని రాశారు. మునగాకు, మందారాకు, మల్బరీ ఆకు, ఏది తక్కువ చేశాం? కానీ తిండిలో కాల్షియం ఎంతున్నా ఒంటికి పట్టాలంటే విటమిన్ డీ3 కావాలి, దాన్ని ఇగువానా ప్రధానంగా చర్మం మీద పడే యూవీబీ కిరణాలతోనే తయారుచేసుకుంటుంది. అద్దం కిటికీలోంచి వచ్చే ఎండ కూడా పనికిరాదు, ఆ కిరణాల్ని అద్దం ఆపేస్తుంది.

కాకినాడలో ఉండే స్నేహితుడు యూవీబీ పడితే రంగు మారే కార్డు తెచ్చాడు. పొద్దుటి ఎండలో పెట్టగానే రంగు తిరిగింది. ఆ బల్బు కింద జానెడు దూరంలో ఎంతసేపు పెట్టినా తెల్లగానే ఉంది. బల్బు విప్పి వెలుతురులో చూస్తే లోపల మామూలు ఫిలమెంటు, పైన ఊదారంగు గాజు. అంతే! ఫిలమెంటు బల్బు వేడినిస్తుంది, వెలుగునిస్తుంది, ఎముకలకి కావాల్సిన యూవీబీ ఇవ్వదు. వేడి, యూవీబీ రెండూ ఒకే బల్బులో రావాలంటే అది మెర్క్యురీ వేపర్ లాంటి రకమై ఉండాలి, లేదంటే వేడికి ఒక బల్బు, యూవీబీకి వేరే ట్యూబు పెట్టుకోవాలి. ఇవన్నీ అమ్మడమే ఆయన వ్యాపారం. తెలియక ఇచ్చాడంటే నేను నమ్మను.

నిన్న బల్బు, విరిగిన అర ముక్క, ఎక్స్‌రే తీసుకుని వెళ్లాను. గొడవ పెట్టుకుందామని కాదు, డబ్బు వెనక్కిచ్చి ఇంకెవరికీ ఆ బల్బు అమ్మనంటే చాలనుకున్నాను. షాపులో ఓ తండ్రీకొడుకులు చేపల తొట్టె చూస్తున్నారు. ముందు "వాడకంలో యూవీబీ తగ్గిపోతుంది, వారంటీ లేదు" అన్నాడు. నిజమే, అసలైన ట్యూబులకి కూడా ఆరు నెలల నుంచి ఏడాదిలో బలం తగ్గుతుంది, మార్చుకోవాలి. కానీ దీన్లో మొదట్నుంచీ లేదు కదా అని ఫిలమెంటు చూపించాను. అప్పుడు మొహం మార్చేశాడు.

"ఏవయ్యా, అసలు ఆ జంతువుని ఇంట్లో పెట్టుకోవడమే కేసు, తెలుసా నీకు? ఫారెస్టోళ్లకి ఒక్క ఫోన్ కొడితే సాయంత్రానికి నువ్వూ లోపలే, అదీ లోపలే. బల్లికి ఎముకలు మెత్తబడ్డాయని నా షాపు మీదకొచ్చావా?"

ఆ పిల్లాడు నావంక దొంగని చూసినట్టు చూశాడు. నాకు మాట రాలేదు కాసేపు. జూన్‌లో డబ్బులు లెక్కపెట్టుకునేటప్పుడు ఈ కేసు సంగతి ఆయనకి గుర్తులేదా? మా ఇంటికొచ్చి, దాని వీపు నిమిరి, పిల్లల చేత ఫోటో తీయించుకుని వెళ్లాడే!

నా దగ్గర కాగితం ఉంది. ఇగువానా మన దేశపు జంతువు కాదు, మధ్య, దక్షిణ అమెరికాలది, సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, దాని ప్రకారం ఇలాంటి జంతువుల్ని నమోదు చేయించుకోవాలి. 2024 ఫిబ్రవరిలో రూల్స్ వచ్చాక కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో మాది నమోదు చేయించాం. ఫోన్‌లో ఆ కాగితం తీసి చూపిస్తే ఆయన చూడను కూడా చూడలేదు. తల తిప్పుకుని "మీకేం కావాలి సార్" అని పక్కవాళ్లని అడిగాడు.

నాకు అర్థమైంది ఒకటే. ఈ బెదిరింపు నాతో మొదలైంది కాదు. నకిలీ సరుకు అమ్మడం, అడిగితే ఫారెస్టు పేరు చెప్పడం, జనం భయపడి వెనక్కి వెళ్లిపోవడం. ఎవరైనా నోరు మూసుకుని ఇంటికొచ్చి ఉంటే తప్పు వాళ్లది కాదు. మీ జంతువు నమోదై ఉంటే ఆ మాటకి బెదరకండి. నమోదు సంగతి తేలనివాళ్లు ఆయన ఫోన్ కొట్టేదాకా ఆగకుండా డివిజనల్ ఫారెస్ట్ ఆఫీసుకి మీరే వెళ్లి అడగండి.

బుజ్జికి కాల్షియం మందు నడుస్తోంది. ఎండ వస్తే చాలు, డాబా మీదకి తీసుకెళ్తున్నాం. నిన్న రెండు మందారపూలు తింది. దవడ గట్టిపడటానికి నెలలు పడుతుందన్నారు డాక్టరుగారు.

అరలన్నీ పీకేశాను. మందు కొట్టని సరుగుడు కర్రలు, దాని ఒంటంత లావువి, బెరడు తీసి ఎండబెట్టి ఏటవాలుగా బోల్టులతో బిగించాం. వాటి మీద అరల మీదకంటే హాయిగా పడుకుంటోంది. కొత్త బల్బుకి పింగాణీ హోల్డరు, చుట్టూ వైరు జాలీ పెట్టాం, అది పడుకునే చోట 35 డిగ్రీలు దాటి మరీ పైకి పోకుండా థర్మామీటరు ఉంచాం. కొనేటప్పుడు బిల్లులో "సామాన్లు" అని రాస్తే ఒప్పుకోకండి, బల్బు రకం, ప్లై గ్రేడు రాయించుకోండి. కార్డు మీద రంగు మారేదాకా ఏ బల్బునీ నమ్మకండి.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను, తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. ఆ ఊదారంగు బల్బు కొన్నవాళ్లు ఇంకా ఉంటే దాన్ని, దాని పెట్టెని, ఆయన రాసిచ్చిన కాగితాన్ని పారేయకండి. నాకు చెప్పండి, ఫిర్యాదు కలిపి వేద్దాం.