చెన్నై ఫ్లాటులో కెఫ్ ఆర్3 మెటా: స్పీకర్లకు చోటు కుదిరాక రాస్తున్న సమీక్ష

కెఫ్ ఆర్3 మెటా స్పీకర్లను మైలాపూరులోని మా ఫ్లాటులో రెండేళ్లకు పైగా వింటున్నాను. ఇంతకాలం విన్నాక నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటే. ఈ స్థాయి స్పీకర్లు కొనేవారు యాంప్లిఫయర్ల మీదా కేబుళ్ల మీదా పెట్టే శ్రద్ధలో సగమైనా, స్పీకరుకూ వెనక గోడకూ మధ్య ఎంత దూరం ఉండాలన్న దాని మీద పెట్టాలి. అందులోనూ కర్ణాటక సంగీతం, పాత తెలుగు పాటలు ఎక్కువగా వినేవారికి ఆ దూరాన్ని నిర్ణయించే కొలమానాలు మన సంగీతంలోనే ఉన్నాయి. అందుచేత ఈ సమీక్షలో స్పీకర్ల గురించి ఎంత రాస్తానో గది గురించి అంతకంటే ఎక్కువే రాస్తాను.

ముందుగా స్పీకర్ల సంగతి. కెఫ్ సంస్థను 1961లో రేమండ్ కుక్ ఇంగ్లండులోని మెయిడ్‌స్టోన్‌లో స్థాపించారు. పై స్వరాలు పలికే ట్వీటరును, మధ్య స్వరాలు పలికే మిడ్‌రేంజ్ కోను నడిమధ్యలో అమర్చే యూని-క్యూ పద్ధతిని ఆ సంస్థ 1988 నుంచి వాడుతోంది. 2023లో వచ్చిన ఆర్3 మెటాలో ట్వీటరు వెనక చిక్కుదారుల బిళ్ల ఒకటి ఉంటుంది. ట్వీటరు వెనక్కి విసిరే అనవసర ధ్వనిని అది అక్కడే పీల్చేస్తుంది. మిడ్‌రేంజ్‌కు దిగువన బేస్, అంటే కింది స్వరాలు, పలికే 165 మిల్లీమీటర్ల వూఫరు, పెట్టె వెనకవైపు బేస్‌ను బయటికి వదిలే రంధ్రం (పోర్టు) ఉంటాయి. వూఫరు వేరు, మిడ్‌రేంజ్ వేరు కావడం వల్ల మృదంగం జోరుగా మోగుతున్నప్పుడు కూడా గాయకుడి గొంతు చెదరదు. ఈ గుణం నాకు దుకాణంలో విన్నప్పుడే తెలిసింది. అయితే ఇంటికి తెచ్చాక అది మళ్లీ వినబడడానికి చాలాకాలం పట్టింది.

కారణం గది. మా గది పొడవు 4.6 మీటర్లు, వెడల్పు 3.4 మీటర్లు, ఎత్తు 2.9 మీటర్లు. చుట్టూ సిమెంటు పూసిన ఇటుక గోడలు, పైన కాంక్రీటు స్లాబు, కింద టైల్సు. స్పీకర్ల అమరిక మీద మనం చదివే సలహాల్లో ఎక్కువభాగం చెక్క చట్రం మీద పలుచని జిప్సం పలకలు బిగించిన ఇళ్లలో పుట్టినవి. అక్కడి గోడలు బేస్ ధ్వనికి కొంత కంపించి, ఆ శక్తిలో కొంత మింగేస్తాయి. మన గోడలు, స్లాబు దాదాపు ఏమీ మింగవు, వచ్చిన బేస్‌ను వచ్చినట్టే తిప్పికొడతాయి. అందువల్ల రెండు గోడల మధ్య నిలిచిపోయే తరంగాలు మన ఇళ్లలో మరింత బలంగా, మరింత సేపు మోగుతాయి. వాటిని లెక్కగట్టడం కష్టం కాదు. ధ్వని వేగాన్ని, అంటే సెకనుకు సుమారు 346 మీటర్లను, గది కొలతకు రెట్టింపుతో భాగిస్తే చాలు. మా గదికి పొడవు వైపు 38, వెడల్పు వైపు 51, ఎత్తు వైపు 60 హెర్ట్జ్ దగ్గర మొదటి మోతలు వస్తాయి. పొడవు వైపు రెండో మోత 75 దగ్గర ఉంటుంది. ఈ నాలుగు అంకెలూ ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను. ఆ తరువాత చేసిన పని అంతా వాటి చుట్టూనే తిరిగింది.

మొదట స్టాండ్లను వూఫరు నుంచి వెనక గోడకు 66 సెంటీమీటర్ల దూరంలో ఉంచాను. ఫ్లాటులో ఇంతకంటే ముందుకు జరపడానికి ఎవరికైనా మనసు ఒప్పదు. ధ్వని నిండుగా, గంభీరంగానే ఉండేది. మా పై అంతస్తులో ఉండే మృదంగ విద్వాంసులు ఒక సాయంత్రం వచ్చి, ఒక తని ఆవర్తనం, అంటే కచేరీలో మృదంగం విడిగా మోగే భాగం, మొత్తం కదలకుండా విన్నారు. తరువాత "తొప్పి బాగానే మోగుతోంది సార్, కానీ గుమ్కీ కదలడం లేదండీ" అన్నారు. నేను ఏ పత్రికలోనూ చదవనంత కచ్చితమైన మాట అది. మృదంగం ఎడమవైపు మొహమైన తొప్పి మీద అరచేతి మడమను ఒత్తి జరిపినప్పుడు నాదం కింది నుంచి పైకి జారుతుంది. ఆ జారుడే గుమ్కీ. గదిలో 75 హెర్ట్జ్ మోత బలంగా ఉంటే తొప్పి ఏ స్థాయిలో పలికినా గది మాత్రం ఆ ఒక్క స్థాయినే పట్టుకుని సాగదీస్తుంది. అప్పుడు బేస్ ఎక్కువగా ఉన్నట్టు అనిపిస్తుందే కానీ అందులో కదలిక ఉండదు. ఆ రోజు నుంచి బేస్ ఎంత ఉందని కాక, గుమ్కీ జారుతోందా లేదా అని వినడం మొదలుపెట్టాను. ఏ గదిలోనైనా ఇంతకంటే మంచి పరీక్ష ఉందనుకోను.

రెండో సమస్య గొంతులో ఉంది. కొందరు విద్వాంసుల కచేరీల్లో ఆధార షడ్జం, అంటే పాటకు ఆధారమైన 'స', దగ్గర నిలిచినప్పుడు గొంతు సన్నబడేది, పైకి వెళ్లగానే మళ్లీ నిండేది. దీని వెనక ఉన్నది సులువైన లెక్కే. వూఫరు నుంచి వెనక్కి వెళ్లిన ధ్వని గోడను తాకి వచ్చేసరికి, నేరుగా వచ్చే ధ్వని కంటే 132 సెంటీమీటర్లు అదనంగా ప్రయాణిస్తుంది. 131 హెర్ట్జ్ తరంగం నిడివి 264 సెంటీమీటర్లు. అంటే ఆ ధ్వని సరిగ్గా సగం తరంగం ఆలస్యంగా వచ్చి నేరుగా వచ్చిన దాన్ని కొట్టేస్తుంది. ఒకటో శ్రుతిలో పాడే మగవారి ఆధార షడ్జం సుమారు 131 హెర్ట్జ్! స్పీకర్లను 66 సెంటీమీటర్ల దగ్గర ఉంచి, కచేరీకంతటికీ పునాది అయిన స్వరాన్నే గోడ చేత తీయించేస్తున్నామన్నమాట. అయిదో శ్రుతిలో పాడేవారి షడ్జం 196 దగ్గర ఉంటుంది కాబట్టి ఆ గొంతుల్లో ఈ లోటు నాకు తెలియలేదు. దుకాణదారులు వినిపించే పాశ్చాత్య స్త్రీ గాత్రాల్లో కూడా ఇది బయటపడే అవకాశం తక్కువ. ఎవరు ఏ శ్రుతిలో పాడేవారిని ఎక్కువగా వింటారో చూసుకుని గోడ దూరాన్ని నిర్ణయించుకోవాలని నేను చెప్పేది ఇందుకే.

నేల మీద కాగితపు టేపు అంటించి, సెంటీమీటర్ల గీతలు గీసి, స్పీకర్లను కొద్దికొద్దిగా ముందుకు జరుపుతూ వెళ్లాను. కొలవడానికి మినీడీఎస్‌పీ వారి యుమిక్-1 మైకు, ఉచితంగా దొరికే ఆర్‌ఈడబ్ల్యూ సాఫ్ట్‌వేరు వాడాను. ఈ రెండూ లేకుండా ఈ పని చేయవచ్చు కానీ, చెవికి తోచినది నిజమో కాదో తేల్చుకోవడానికి అవి ఎంతగానో ఉపయోగపడ్డాయి. ముందుకు జరిగే కొద్దీ 75 హెర్ట్జ్ మోత తగ్గుతూ వచ్చింది. గది పొడవులో నాలుగో వంతు దగ్గర, అంటే 115 సెంటీమీటర్ల వద్ద, ఆ తరంగం ఒత్తిడి సున్నా అవుతుంది. స్పీకరు ఆ చోటికి చేరువయ్యే కొద్దీ దాన్ని రేపలేకపోతుంది. చివరికి 105 సెంటీమీటర్ల దగ్గర ఆపాను. అక్కడ గోడ చేసే లోటు 82 హెర్ట్జ్‌కు దిగిపోయింది. ఒకటో శ్రుతి మంద్ర పంచమం, అంటే కింది స్థాయి 'ప', 98 కాబట్టి ఇక ఏ గాయకుడి గొంతుకూ అది అడ్డు రాదు. తొప్పి నాదం 82 మీదుగా వెళుతుంది కదా అని అడగవచ్చు. కొలతలో ఆ పల్లం కనబడుతుంది. కానీ తొప్పి ఒకచోట నిలవకుండా జారిపోయేది కాబట్టి, వినడంలో అది లోటుగా తెలియదు. పైఅంతస్తు విద్వాంసులు మళ్లీ వచ్చి విన్నారు. ఈసారి ఏమీ అనకుండా తొడ మీద తాళం వేసుకుంటూ కూర్చున్నారు.

60 హెర్ట్జ్ మోత మాత్రం ఎక్కడికి జరిపినా పోలేదు. అది నేలకూ స్లాబుకూ మధ్య నిలిచే తరంగం. స్టాండు ఎత్తు మారదు, కుర్చీ ఎత్తు మారదు, అందుచేత దాని బలమూ మారదు. దీనికి స్పీకర్లతో పాటు ఇచ్చే నురుగు బిరడాలు పనికొచ్చాయి. అవి రెండు భాగాలుగా ఉంటాయి. లోపలి దిమ్మను తీసేసి చుట్టు మాత్రం పెడితే పోర్టు సగమే మూసుకుంటుంది. పూర్తిగా మూసినప్పుడు వీణ మంద్రస్థాయి తంత్రుల్లో బరువు తగ్గింది కాబట్టి సగం మూతతో సరిపెట్టి, మిగిలిన మోతను స్ట్రీమరులోని (నెట్ ద్వారా పాటలు వినిపించే పరికరంలోని) ఈక్వలైజరుతో, అంటే ఒక్కో స్థాయి ధ్వనిని విడిగా పెంచి తగ్గించే సాధనంతో, 60 దగ్గర సన్నగా 4 డెసిబెళ్లు కోశాను. ఇలా కోయడం మంచిదే. పల్లాన్ని మాత్రం ఈక్వలైజరుతో పూడ్చాలని చూడకూడదు. అక్కడ ఎంత ధ్వని పంపితే గోడ అంతా కొట్టేస్తుంది, శ్రమ యాంప్లిఫయరుకూ వూఫరుకూ మిగులుతుంది.

బేస్ కుదిరాక గానీ స్పీకర్లను లోపలికి తిప్పే కోణం జోలికి వెళ్లకూడదని నా అభిప్రాయం. రెండు స్పీకర్ల మధ్య దూరం 1.8 మీటర్లు, నా చెవికి ఒక్కొక్కటీ సుమారు 2.2 మీటర్లు. పక్క గోడల దూరం 80 సెంటీమీటర్లు. అది వెనక గోడ దూరంతో సమానం కాకుండా చూసుకున్నాను, లేకపోతే రెండు గోడల లోటూ ఒకేచోట పడుతుంది. కోణం కుదర్చడానికి ఆధునిక స్టీరియో రికార్డింగుల కంటే పాత మోనో రికార్డింగులే మేలు. ఘంటసాల గారి పాటలు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ మోనోలో ఉన్నవి తీసుకోండి. రెండు స్పీకర్ల నుంచీ ఒకే ధ్వని వస్తుంది కాబట్టి, గొంతు గానీ కమాను గానీ సరిగ్గా మధ్యలో, సన్నగా, ఒకే చోట నిలవాలి. పై స్వరాలకు వెళ్లినప్పుడు వయొలిన్ ఒక పక్కకు జరిగిందంటే ఏదో ఒక స్పీకరు కోణమో దూరమో తేడాగా ఉన్నట్టు. లేజరు టేపుతో చెవి నుంచి రెండు స్పీకర్లకూ ఉన్న దూరాన్ని సెంటీమీటరు లోపు సరిచేశాక, ద్వారం వారి కమాను మార్పులు గాలిలో ఒక బిందువు దగ్గర వినబడ్డాయి. ఎన్నో ఏళ్లుగా వింటున్న ఆ రికార్డింగులో కమాను తిరిగేటప్పుడు తీగ మీద పడే చిన్న ఒత్తిడి కూడా విడిగా తెలిసింది. సూటిగా చెవివైపు తిప్పినప్పుడు తాళం చప్పుడు కొంచెం పదునెక్కింది. అందుకని రెండు స్పీకర్ల చూపూ నా తలకు అరమీటరు వెనక కలిసేలా ఉంచాను. యూని-క్యూ అమరిక వల్ల పక్కకు వెళ్లే ధ్వని కూడా ఎగుడుదిగుడు లేకుండా ఉంటుంది. కోణంలో చిన్న మార్పులకు ఈ స్పీకరు స్వభావం మారిపోదు, అది దీని పెద్ద బలం.

గది సరంజామా గురించి క్లుప్తంగా చెబుతాను. పలుచని జంబుఖానా టైల్సు మీద పరిస్తే మంజీరాల మెరుపు తగ్గుతుందే తప్ప ఇంకేమీ జరగదు. దళసరి ఉన్ని తివాచీ, దాని కింద ఫెల్టు పొర వేయాలి. ఎడమ కిటికీకి బరువైన కర్టెను, కుడి గోడకు పుస్తకాల అర ఉన్నాయి. కుర్చీ వెనక ఒకటిన్నర మీటరు ఖాళీ వదిలాను. స్టాండ్ల ముళ్ల కింద ఇత్తడి బిళ్లలు పెట్టకపోతే టైల్సు పాడవుతాయి, సముద్రపు గాలికి ఉక్కు ముళ్లు తుప్పు పడతాయి కూడా.

యాంప్లిఫయరు విషయానికి వస్తే ఇవి 4 ఓముల స్పీకర్లు, సున్నితత్వం 87 డెసిబెళ్లు. తక్కువ ఓముల దగ్గర తడబడని మంచి యాంప్లిఫయరు ఉంటే సరిపోతుంది. కేబుళ్లలో మందం, గట్టి బిగింపు చూసుకుంటే చాలు.

లోటుపాట్లు కూడా చెప్పాలి. ఈ అమరికలో మంచి కుర్చీ ఒకటే. పక్కన కూర్చున్నవారికి గొంతు స్పష్టంగానే వినబడుతుంది కానీ మధ్యలో నిలవదు. ఫ్యాను తిరుగుతుంటే తంబూరా సూక్ష్మ నాదాలు సగం పోతాయి, కాబట్టి ఈ ఊళ్లో వీటి పూర్తి విలువ తెలిసేది మార్గశిర మాసపు రాత్రుల్లోనే. సభల్లో నాసిరకం మైకులతో చేసిన రికార్డింగులను ఇవి ఏమాత్రం కప్పిపుచ్చవు. సన్నిహితంగా, మైకు లేకుండా జరిగే కచేరీల్లో వినే నిండుదనానికి ఇవి మంచి రికార్డింగుల్లో చాలా దగ్గరగా వస్తాయి. అయితే ఘటం అడుగు నాదంలో మాత్రం ఇంకా కొంత బరువు తక్కువైనట్టు అనిపిస్తుంది. దానికి చిన్న సబ్‌వూఫరు ఒకటి కలిపి చూడాలని ఉంది.

వెనక గోడకు మీటరు దూరం ఇవ్వగలిగినవారికి, గది పొడవు 4 మీటర్లు దాటినవారికి వీటిని ఏ సంకోచమూ లేకుండా కొనమంటాను. ఆ చోటు ఇవ్వలేని ఫ్లాట్లలో ఉన్నవారు, ఎంత మోజు ఉన్నా, పోర్టు లేని మూసిన పెట్టె స్పీకర్లను గోడకు బాగా దగ్గరగా, 30 సెంటీమీటర్ల లోపు పెట్టి, తమకు ఇష్టమైన గాయకుడి షడ్జం నిలుస్తోందో లేదో విన్న తరువాతే డబ్బు కట్టమని నా మనవి.