ఉపగ్రహం చెప్పే చేపల జాడ: ఇన్‌కాయిస్ సలహాలపై సమీక్ష

హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) మత్స్యకారులకు ఉచితంగా అందించే చేపల లభ్యతా ప్రాంతాల సలహాలను నెల్లూరు జిల్లా మైపాడు తీరం నుంచి గమనిస్తూ వచ్చాను. తీరం నుంచి ఏ దిక్కుగా, ఎంత దూరం వెళ్ళాలో, అక్కడ లోతెంతో ఇందులో తెలుగులోనే ఉంటుంది.

దీని బలం సముద్ర భౌతిక శాస్త్రం. వెచ్చని నీరు, చల్లని నీరు కలిసే సరిహద్దుల్లోనూ, అడుగునీరు పోషకాలతో పైకి వచ్చే చోట్లా వృక్షప్లవకాలు, అంటే నీటిలో తేలే సూక్ష్మ మొక్కలు, పెరుగుతాయి. వాటితో మొదలయ్యే ఆహారపు గొలుసు వెంట కవ్వళ్ళు, కానాగంతలు, వాటిని వేటాడే వంజరాలు చేరతాయి. ఉపగ్రహాలు కొలిచిన ఉపరితల ఉష్ణోగ్రత, ఆ ప్లవకాల్లోని పత్రహరితం ఆధారంగా ఆ చోట్లను గుర్తిస్తారు. నీటి రంగు చూసి వల వేసే మన పెద్దల పద్ధతికి ఇది దూరపు చుట్టమే.

అయితే బంగాళాఖాతం అంత తేలికగా లొంగదు. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణా నదుల మంచినీరు ఉప్పునీటి మీద తేలికైన పొరగా పరచుకొని, అడుగు పోషకాలను పైకి రానివ్వకుండా అడ్డుపడుతుంది. తీరప్రవాహమేమో ఎండాకాలానికి ముందు ఉత్తరానికీ, అక్టోబరు తరువాత దక్షిణానికీ మళ్ళుతుంది. ఈశాన్య రుతుపవనాల మబ్బులు కమ్మితే ఉపగ్రహానికి పత్రహరితం కనబడదు. నెల్లూరుకు అసలు వానలు అప్పుడే. లోతుకు దిగే తూర చేపల విషయంలో పైనీటి కొలత సగమే చెబుతుంది.

చమురు ఖర్చు లెక్కచూసుకునే పడవవారికి నిస్సందేహంగా పనికొచ్చే సేవ. పడవ నడిపే సరంగు అనుభవానికి తోడుగా మాత్రమే వాడుకోవాలి.